పైకి పంపిన మార్కులు మా తరగతి గదికి తిరిగి రావాలి

గౌరవనీయులైన విద్యాశాఖ అధికారులకు, ప్రశ్నపత్రాలు తయారుచేసే నిపుణులకు, మార్కుల సమాచారం చూసుకునే సాంకేతిక సిబ్బందికి,

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్నాను. ఉద్యోగంలో చేరి 22 ఏళ్లయింది. బడి పేరు, మండలం పేరు కావాలనే రాయడం లేదు. ఇందులో నేను చెప్పబోయే పిల్లలను ఎవరూ గుర్తుపట్టకూడదు.

పరీక్ష జరిగిన ప్రతిసారీ పిల్లల మార్కులు మేం ఆన్‌లైన్‌లో ఎక్కిస్తున్నాం. నెట్ లేకపోతే రాత్రి ఇంటికెళ్లి ఎక్కిస్తున్నాం. గడువు దాటితే ఫోన్లు వస్తాయి. అంత కష్టపడి పైకి పంపిన మార్కుల్లోంచి, ఏ పిల్లకు ఏ లెక్క ఎందుకు రాలేదో చెప్పే కాగితం ఒక్కటి కూడా మా తరగతి గదికి తిరిగి రావడం లేదు. వచ్చేవి సగటు, ర్యాంకు, అప్పుడప్పుడు ఒక మెమో.

ఈ మాట నేను చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగులో రెండుసార్లు చెప్పాను. తర్వాత పై కార్యాలయానికి రాతపూర్వకంగా రెండు వినతిపత్రాలు ఇచ్చాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోసారి వెళ్తే, 'మార్కులు ఎక్కించారు కదా మాస్టారూ, ఇంకేం కావాలి?' అన్నారు. ఏం కావాలో వివరంగా చెప్పే అవకాశం అక్కడ దొరకలేదు కాబట్టి ఇక్కడ అందరి ముందూ చెబుతున్నాను.

ముందు ఒక్క లెక్క గురించి చెప్పనివ్వండి. పోయిన విద్యాసంవత్సరం ఆరో తరగతిలో 42 మంది ఉన్నారు. చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల నుంచి వచ్చినవాళ్లే అందరూ. వాళ్లకు పెట్టిన పరీక్షలో 502 నుంచి 178 తీసివేయమని ఒక ప్రశ్న ఉంది. నాలుగు జవాబులు ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నారు: 324, 476, 334, 680. సరైనది 324. దాన్ని గుర్తించినవాళ్లు 15 మంది. పైకి వెళ్లిన లెక్కలో ఈ ప్రశ్నకు మిగిలింది 36 శాతం అనే ఒక్క అంకె.

ఆ రోజు జవాబు పత్రాలు ఇంటికి తీసుకెళ్లి, మిగతా 27 మంది ఏం రాశారో గళ్లు గీసి చూశాను. 14 మంది 476 అన్నారు. అంటే వాళ్లు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశారు. 2 లోంచి 8 పోదు కాబట్టి 8 లోంచి 2 తీసి 6 వేశారు. సున్నాలోంచి 7 పోదు కాబట్టి 7 అలాగే ఉంచారు. వీళ్లకు అప్పు తెచ్చుకోవడం అంటే ఏమిటో తెలియదు. పదుల స్థానం, వందల స్థానం అంటే కూడా తెలియదు. ఎనిమిది మంది 334 అన్నారు. వీళ్లకు అప్పు తెచ్చుకోవడం వచ్చు. సున్నా దగ్గర మాత్రమే తడబడ్డారు. వందల నుంచి తెచ్చుకున్న పదిలోంచి ఒకటి ఒకట్ల స్థానానికి ఇచ్చాక అక్కడ తొమ్మిదే మిగులుతుందని మరిచిపోయారు. ముగ్గురు రెండు సంఖ్యలనూ కూడి 680 వేశారు. ఇద్దరు ఏమీ రాయలేదు.

ఈ 27 మందికీ ఒకే మార్కు వచ్చింది, సున్నా. చెప్పాల్సిన పాఠాలు మాత్రం వేరు వేరు. 334 వేసిన ఎనిమిది మందికి ఒక్క పీరియడ్ సరిపోయింది. 476 వేసిన 14 మందిని వరండాలో కూర్చోబెట్టి, కొబ్బరి ఈనెపుల్లలు పదేసి కట్టలు కట్టించి, కట్ట విప్పితేనే పుల్లలు వస్తాయని చేతులతో చేయించాను. దానికి పది రోజులు పట్టింది. 680 వేసిన ముగ్గురిలో ఒక పాపకు చూపు సరిగా లేదు. కూడిక గుర్తుకూ తీసివేత గుర్తుకూ తేడా కనబడక వచ్చింది రాసేసింది. కళ్లద్దాలు వచ్చాక ఆ పాప ఇప్పుడు తరగతిలో మంచి మార్కులు తెచ్చుకునేవాళ్లలో ఒకరు. మూడు వారాల తర్వాత 603 నుంచి 247 తీసివేయమంటే 33 మంది సరిగ్గా చేశారు.

నేను గొప్ప పని చేశానని చెప్పుకోవడానికి ఇది రాయలేదు. ఏ లెక్కల మాస్టారైనా ఇది చేయగలరు. కాని చేతితో చేయడానికి సమయం చాలదు. మా బడిలో ఐదు తరగతులు, తరగతికి 40 మంది చొప్పున 200 మంది పిల్లలు. పేపరులో 20 ప్రశ్నలుంటే ఒక్క పరీక్షకు 4,000 గళ్లు. నాలుగు ఎఫ్‌ఏలు (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), రెండు ఎస్‌ఏలు (పెద్ద పరీక్షలు) కలిపి ఏడాదికి ఆరు పరీక్షలు. అంటే 24,000 గళ్లు. అది నా ఒక్క సబ్జెక్టుకే. కంప్యూటరుకు ఇది చిన్న పని. 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు తరగతి గది ఆధారిత మూల్యాంకనం పేరుతో ఓఎంఆర్ షీట్లు వచ్చినప్పుడు నేను ఎంతో సంతోషించాను. పిల్లవాడు ఏ గడి నింపాడో యంత్రమే చదువుతుంది, ఇక నా గళ్ల పుస్తకం అక్కర్లేదు అనుకున్నాను. ఆ గళ్ల పుస్తకం ఇవాళ్టికీ నా సంచీలోనే ఉంది.

ఒక తల్లి సంగతి కూడా చెప్పాలి. ఆమె పలాస వైపు జీడి ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పేరెంట్స్ మీటింగుకు వచ్చిన రోజు కూలి పోతుంది. అయినా వచ్చింది. నేను ఇచ్చిన కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. 'సీ1 అని ఉంది. సీ1 అంటే ఏటి మాస్టారూ? మా గుంటడికి ఏటొచ్చు, ఏటి రాదు?' అని అడిగింది. నా దగ్గర ఆ రోజు ఆమెకు చెప్పడానికి జవాబు లేదు. గ్రేడు చెప్పగలిగాను. పిల్లవాడికి ఏది రాదో చెప్పలేకపోయాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు అంత బాధ కలిగిన రోజులు ఎక్కువ లేవు.

ఇలా మార్కులు పైకే వెళ్లి అక్కడే ఆగిపోవడం వల్ల పిల్లలకు, తల్లిదండ్రులకు జరుగుతున్న నష్టం ఇది.

1. ఒకే మార్కు వచ్చిన ఇద్దరు పిల్లలు ఒకటే అనుకుంటున్నాం. నా తరగతిలో ఇద్దరు ఆడపిల్లలకు 20కి 12 వచ్చాయి. ఒక అమ్మాయి లెక్క లెక్కగా ఇస్తే అన్నీ చేస్తుంది, మాటల్లో ఇస్తే ఆగిపోతుంది. రెండో అమ్మాయికి చదివితే అంతా అర్థమవుతుంది, భాగహారం మాత్రం రాదు. రెమిడియల్ క్లాసు పెట్టమన్నప్పుడు ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, ఇద్దరికీ అదే పాఠం మొదటి నుంచి చెబుతున్నాం. ఇద్దరికీ విసుగొస్తోంది. ఒకరు రావడం మానేశారు.

2. భాష వల్ల వచ్చే తప్పును లెక్కల్లో తప్పుగా రాసేస్తున్నాం. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలున్నారు. మందస, మెళియాపుట్టి కొండల్లో సవర మాట్లాడే పిల్లలున్నారు. మా దగ్గర 144ను 6తో భాగించమంటే 42 మందిలో 30 మంది చేశారు. అదే లెక్కను 'గంపల్లో సమానంగా సర్దగా ఒక్కొక్కదానిలో ఎన్ని?' అని మాటల్లో ఇస్తే 13 మందే చేశారు. ఆ మధ్యలో జారిపోయిన 17 మందికి కావాల్సింది చదివి అర్థం చేసుకునే సాధన. ఆ పని తెలుగు మాస్టారూ నేనూ కలిసి చేయాలి. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని, అందుకోసం తానే సవర నేర్చుకుని పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టింది మన పర్వతాలపేటలోనే. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన జిల్లాలోనే పిల్లవాడికి రానిది లెక్కా, మాటా అన్నది విడదీసి చూడలేకపోతున్నాం.

3. ప్రశ్నలో ఉన్న తప్పుకు పిల్లలు శిక్ష అనుభవిస్తున్నారు. ఒక పేపరులో 'కింది వాటిలో భిన్నమైనది ఏది?' అని అడిగి 2/3, 5/4, 1/7, 3/8 ఇచ్చారు. ప్రశ్న రాసినవారి ఉద్దేశం, మిగతావాటికంటే వేరుగా ఉన్నదాన్ని, అంటే అపక్రమ భిన్నమైన 5/4ను గుర్తించమని. పిల్లలేమో 'సార్, అన్నీ భిన్నాలే కదా, ఏది పెట్టాలి?' అని నన్ను అడిగారు. పరీక్షలో నేను జవాబు చెప్పకూడదు. తర్వాత చూస్తే, మొత్తం పేపరులో ఎక్కువ మార్కులు వచ్చిన 11 మందిలో ముగ్గురు, తక్కువ వచ్చిన 11 మందిలో నలుగురు ఈ ప్రశ్నకు సరైన జవాబు పెట్టారు. బాగా వచ్చినవాళ్లకంటే రానివాళ్లే ఎక్కువ సరిగ్గా చేసిన ప్రశ్న అంటే, ఆ ప్రశ్ననే మళ్లీ చూడాలని అర్థం. పరీక్షల శాస్త్రంలో దీన్ని విచక్షణ సూచిక అంటారు. మంచి ప్రశ్నకు అది ధనాత్మకంగా ఉండాలి, ఇక్కడ రుణాత్మకంగా వచ్చింది. ఈ లెక్క మీ దగ్గర వేసి ఉంటే ఆ ప్రశ్నను తీసేసి అందరికీ మార్కు కలిపేవారు. వచ్చే పేపరులో 'భిన్నమైనది' బదులు 'వేరుగా ఉన్నది' అని రాసేవారు. అలాంటి పరిశీలన జరిగినట్టు మాకు ఎప్పుడూ తెలియలేదు.

4. రాని పిల్లను తెలియని పిల్లగా లెక్కిస్తున్నాం. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండింటి నుంచీ కుటుంబాలు చెన్నై, హైదరాబాద్, విశాఖ భవన నిర్మాణ పనులకు వెళ్తాయి. మత్స్యకారులు గుజరాత్ వెరావల్ వరకు వెళ్తారు. జీడి తోటల కాలంలో ఆడపిల్లలు తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోతారు. పరీక్ష రోజు లేని ఆ పిల్లల గడిలో సున్నా పడుతోంది. విజయనగరం జిల్లాలో ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో పనిచేసే మిత్రుడి ఐదో తరగతిలో తొమ్మిది మంది ఉన్నారు. పరీక్ష రాసిన ఎనిమిది మంది సగటు 20కి 15, అంటే 75 శాతం. ఊళ్లో లేని తొమ్మిదో పిల్లవాడికి సున్నా వేస్తే అది 66.7 అయింది. బోధనలో ఏ మార్పూ లేదు, ఒక్క కుటుంబం పనికి వలస వెళ్లింది. ఆ ఎనిమిది శాతం తగ్గుదలకు సంజాయిషీ రాయించుకున్నారు. తొమ్మిది మంది ఉన్న తరగతిలో ఒక్క పిల్లవాడంటే 11 శాతం. అంత చిన్న తరగతుల సగటులతో బడులను వరసలో నిలబెట్టడం న్యాయం కాదు.

5. భయం పెరిగిన చోట మార్కులు నిజం చెప్పవు. ఈ మాట రాయడం ఉపాధ్యాయుడిగా నాకు కష్టంగా ఉంది, అయినా రాస్తున్నాను. తక్కువ మార్కులు పంపితే మెమో వస్తుందని తెలిసినప్పుడు, బోర్డు మీద జవాబులు రాసే టీచర్లు ఉన్నారు. మార్కులు దిద్ది ఎక్కించినవాళ్లూ ఉన్నారు. అది తప్పే. దాన్ని నేను సమర్థించను. కాని ఆ తప్పు వల్ల ముందు నష్టపోయేది ఎవరు? 476 వేసిన పిల్లవాడు రికార్డులో 324 వేసినట్టు ఉంటాడు. వాడికి ఈనెపుల్లలు పట్టుకునే రోజు ఎప్పటికీ రాదు. ఎనిమిదో తరగతిలో వర్గమూలాల దగ్గర, తొమ్మిదిలో బహుపదుల దగ్గర కూలబడతాడు. అప్పుడు వాడికి 'లెక్కలంటే భయం' అని పేరు పెడతాం.

6. ర్యాంకుల పట్టికలు, 'వెనుకబడిన విద్యార్థులు' అనే జాబితాలు పేర్లతో సహా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. అలా ఒక జాబితా ఊరి గ్రూపులోకి చేరిన తర్వాత మా ఎనిమిదో తరగతి అమ్మాయి వారం రోజులు బడికి రాలేదు.

పదో తరగతి గురించి ఒక్క మాట. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి విడదీసిన ప్రాంతాలతో ఏర్పడిన పార్వతీపురం మన్యం వరుసగా 2023, 2024, 2025 పది ఫలితాల్లో రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. అక్కడి పిల్లలకు, టీచర్లకు మనస్ఫూర్తిగా అభినందనలు. కాని ఉత్తీర్ణత శాతం వచ్చేసరికి ఆ పిల్లలు బడి దాటి వెళ్లిపోయి ఉంటారు. ఆ అంకెతో వాళ్లకు మళ్లీ పాఠం చెప్పలేం. నేను అడిగేది పిల్లవాడు ఇంకా మా ముందు బెంచీ మీద ఉన్నప్పుడే చేతికి అందే సమాచారం.

సర్వేలు జరుగుతున్నాయి కదా అని ఒక అధికారి అన్నారు. నిజమే. 2024 డిసెంబరు 4న దేశమంతటా మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ జరిగింది. అది కొన్ని బడులను ఎంపిక చేసి జిల్లా పరిస్థితిని, రాష్ట్ర పరిస్థితిని చెప్పే సర్వే. ప్రణాళికలు వేసుకోవడానికి అది అవసరం. నా తరగతిలో మూడో బెంచీలో కూర్చున్న పిల్లవాడి సంగతి అది చెప్పదు, చెప్పడం దాని పనీ కాదు. ఆ సంగతి చెప్పగలిగేది ప్రతి పిల్లా రాసే ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పేపర్లే.

ఇది నా కోరిక మాత్రమే కాదు, చట్టం చెప్పిన పని. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం ప్రతి పిల్ల నేర్చుకునే శక్తిని అంచనా వేసి, దానికి తగ్గట్టు అదనపు బోధన చేయడం ఉపాధ్యాయుడి విధి. పిల్లల హాజరు, చదువులో పురోగతి గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా మాట్లాడటమూ ఆ సెక్షన్‌లోనే ఉంది. 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఏడాది పొడవునా పిల్లల చదువును అన్ని వైపుల నుంచీ అంచనా వేయడం, జరగాలంటుంది. విధి మాకు అప్పగించారు. దాన్ని చేయడానికి కావాల్సిన సమాచారం మేమే తయారుచేసి పైకి పంపుతున్నాం. అది మాకు తిరిగి ఇవ్వమని అడుగుతున్నాం.

మా డిమాండ్లు ఇవి.

1. ప్రతి ఎఫ్‌ఏ, ఎస్‌ఏ మార్కులు ఎక్కించడానికి ఇచ్చిన గడువు ముగిసిన ఏడు రోజుల్లోపు ప్రశ్నల వారీ నివేదిక ప్రతి తరగతికి అందాలి. రెండు నెలల తర్వాత వచ్చే నివేదికతో పిల్లలకు ఉపయోగం ఉండదు. అప్పటికి పాఠం మూడు అధ్యాయాలు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది.

2. ఆ నివేదికలో నాలుగు విషయాలు తప్పకుండా ఉండాలి: ప్రతి ప్రశ్న ఏ అభ్యసన ఫలితానికి (పిల్లలకు రావాల్సిన నైపుణ్యానికి) సంబంధించినది, ఎంతమంది సరిగ్గా చేశారు, తప్పు చేసినవాళ్లు ఏ జవాబు ఎంచుకున్నారు, ఒకే రకం తప్పు చేసిన పిల్లలు ఎవరెవరు. ఒక్క పేజీ చాలు. ఫోనులో తెరుచుకునేలా, ప్రింటు తీసుకునేలా, తెలుగులో ఉండాలి. రంగురంగుల గ్రాఫులు మాకు అవసరం లేదు.

వ్యాసరూప ప్రశ్నలకు తప్పు రకాన్ని యంత్రం చెప్పలేదని తెలుసు. అక్కడ దిద్దేటప్పుడు మేమే ఒక చిన్న కోడ్ వేస్తాం: పద్ధతి తెలియలేదు, పద్ధతి తెలిసి లెక్కలో తప్పు, ప్రశ్న అర్థం కాలేదు, ఏమీ రాయలేదు. ఈ నాలుగు చాలు.

3. ఎక్కించే చోట సున్నాకు, గైర్హాజరుకు, రాయకుండా వదిలేసినదానికి వేరు వేరు గుర్తులు ఉండాలి. సగటులోంచి గైర్హాజరైన పిల్లలను తీసేయాలి. వాళ్లు తిరిగొచ్చిన వారంలో విడిగా పరీక్ష పెట్టుకునే వీలు మాకు ఇవ్వాలి.

4. ఎఫ్‌ఏ, ఎస్‌ఏ మార్కుల ఆధారంగా టీచర్లకు మెమోలు ఇవ్వడం, బడులకు ర్యాంకులు వేయడం ఆపాలి. మమ్మల్ని అడగాల్సిన ప్రశ్న 'ఎందుకు తగ్గింది?' కాదు. 'నివేదిక వచ్చాక ఏం చేశారు, ఆ తర్వాత పిల్లల్లో ఎంత మార్పు వచ్చింది?' అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికి నేను ఎప్పుడైనా సిద్ధం. జవాబు లేకపోతే అప్పుడు నన్ను నిలదీయండి, ఒప్పుకుంటాను.

5. ప్రతి ఎఫ్‌ఏ తర్వాత కొత్త పాఠాలు లేని ఐదు పనిదినాలు పునర్బోధనకు కేటాయించాలి. సిలబస్ క్యాలెండరులోనే అది రాసి ఉండాలి. ఇప్పుడు నివేదిక చేతికిచ్చినా, మళ్లీ చెప్పడానికి రోజు లేకపోతే అది ఫైలులోకే పోతుంది. నాకు పది రోజులు దొరికింది సిలబస్ వెనకబడినా ఫర్వాలేదని మా హెచ్‌ఎం గారు అండగా నిలబడినందువల్లే. అందరికీ అలాంటి హెచ్‌ఎం దొరకరు.

6. ప్రతి పరీక్ష తర్వాత ప్రశ్నపత్రాన్ని కూడా పరీక్షించాలి. చాలామంది తప్పిన ప్రశ్నలను, విచక్షణ సూచిక రుణాత్మకంగా వచ్చిన ప్రశ్నలను ఇద్దరు ముగ్గురు తరగతి ఉపాధ్యాయులతో కూర్చుని చూడాలి. ప్రశ్నదే తప్పని తేలితే ఆ సంగతి బడులన్నిటికీ తెలపాలి. ప్రశ్నలు వాడుక తెలుగులో ఉండాలి. పేపర్లు అచ్చుకు పోకముందు మన రెండు జిల్లాల నుంచి, కొండ ప్రాంత బడుల నుంచి కూడా ఉపాధ్యాయులకు చూపించాలి.

7. తల్లిదండ్రులకు ఇచ్చే కార్డులో గ్రేడు కింద మూడు వాక్యాలు ఉండాలి: మీ పిల్లకు ఇవి వచ్చు, ఇది ఇంకా రాదు, వచ్చే నెలలో బడిలో మేం ఇది చేస్తాం. చదవడం రాని తల్లిదండ్రులకు మేమే చదివి వినిపిస్తాం.

8. పిల్లల పేర్లతో మార్కుల జాబితాలు వాట్సాప్‌లో పెట్టకూడదని రాతపూర్వక ఆదేశం ఇవ్వాలి. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగా గుర్తించి, వాళ్ల సమాచారానికి ప్రత్యేక జాగ్రత్త ఉండాలని చెప్పింది. ఒక పిల్ల నివేదిక ఆ పిల్ల టీచరుకు, హెచ్‌ఎంకు, తల్లిదండ్రులకు అందితే చాలు.

9. ఒకసారి ఎక్కించిన మార్కును మళ్లీ మళ్లీ అడగకూడదు. ఆన్‌లైన్‌లో పెట్టినదాన్నే ఎక్సెల్‌లో పంపమని, తర్వాత కాగితం మీద సంతకంతో ఇవ్వమని అంటున్నారు. ఆ మూడింటికి పోయే గంటలు పిల్లలవే.

ఇవన్నీ ఒకేసారి చేయలేమంటే ఒక దారి చెబుతాను. వచ్చే విద్యాసంవత్సరం రెండు జిల్లాల్లోనూ ఒక్కో మండలం, ఆరో తరగతి, గణితం ఒక్కటే తీసుకోండి. ఒకటి నుంచి మూడు డిమాండ్లు, ఐదో డిమాండు అక్కడ అమలు చేయండి. ఎఫ్‌ఏ-1 నుంచి ఎస్‌ఏ-1 వరకు చూడండి. ఆ మండలాల్లో మా మండలం ఉండాలని నేను పట్టుబట్టను. కావాలంటే సెలవు రోజుల్లో వచ్చి, తప్పుల కోడ్ ఎలా వేయాలో ఇతర ఉపాధ్యాయులతో కూర్చుని చెబుతాను. నా గళ్ల పుస్తకంలో పిల్లల పేర్లు తీసేసి, మూడేళ్ల పట్టికలు మీకు ఇస్తాను. వాటి కోసం ఎవరు వచ్చినా మా స్టాఫ్‌రూములో కూర్చోబెట్టి చూపిస్తాను.

తోటి ఉపాధ్యాయులకూ ఒక విన్నపం. మీ బడిలో కూడా ఇదే జరుగుతుంటే, మీ కాంప్లెక్స్ మీటింగులో ఈ తొమ్మిది అంశాలు చదవండి. తీర్మానం రాయించండి. ఒక్కరు చెబితే ఫిర్యాదులా కనిపిస్తుంది. మనలో ఎవరైనా మార్కులు దిద్ది ఎక్కిస్తుంటే ఈ ఏడాది నుంచి ఆపేద్దాం. మనం పంపే అంకెలు నిజమైనవి కాకపోతే వాటి విశ్లేషణ అడిగే హక్కు మనకు ఉండదు.

స్కూలు కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులూ, మీటింగుకు వచ్చినప్పుడు ఆ తల్లి అడిగినట్టే అడగండి. మా పిల్లకు ఏమొచ్చు, ఏమి రాదు అని. జవాబు చెప్పకపోతే కార్డు మీద సంతకం పెట్టకండి. మమ్మల్ని ఇబ్బంది పెడుతున్నామని అనుకోవద్దు.

అధికారులారా, జూన్ 12న బడులు తెరుస్తారు. ఆలోపు ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. ఏ డిమాండు అమలు చేయగలరో, ఏది చేయలేరో, చేయలేకపోతే కారణమేమిటో రాయండి చాలు. ఆ 42 మందిలో తొమ్మిది మందికి సున్నా ఉన్న తీసివేతలు ఇంకా రావు. వాళ్లు ఆ రోజు ఏడో తరగతిలోకి వస్తారు. వాళ్ల పేర్లు, వాళ్లు చేసే తప్పులు నా గళ్ల పుస్తకంలో ఉన్నాయి కాబట్టి వాళ్లను మొదటి రోజే వరండాలోకి పిలుస్తాను. అలాంటి పుస్తకం లేని బడుల్లో ఆ పిల్లలు ఎవరో వాళ్ల మాస్టార్లకు జూన్ 12న ఎలా తెలుస్తుందో కూడా ఆ జవాబులోనే రాయండి.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా